లేఖకుడి తప్పు, పరిష్కర్త ఒప్పు: అమెరికాలో మధ్యాంగ్ల మాండలిక పరిశోధన

కాలిఫోర్నియాలోని శాన్ మరినోలో ఉన్న హంటింగ్టన్ గ్రంథాలయంలో ఎల్స్‌మీర్ ప్రతి అనే చర్మపత్ర గ్రంథం ఉంది. రైల్వే వ్యాపారంలో గడించిన హెన్రీ హంటింగ్టన్ 1917లో ఇంగ్లండులోని ఒక కులీన కుటుంబపు గ్రంథసంచయంతో పాటు దాన్ని కొన్నాడు. చాసర్ ‘కాంటర్‌బరీ కథల’కు మిగిలిన ప్రతులన్నింటిలోనూ ఇంత సొంపైనది మరొకటి లేదు. అయితే ఆ పుటల్లోని అక్షరాలు చాసర్‌వి కావు. చాసర్ 1400లో మరణించాడు. ఆయన స్వహస్తంతో వ్రాసిన కథల ప్రతి ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. ఎనభైకి పైగా ప్రతులు, శకలాలు మిగిలాయి. అన్నీ వ్రాయసకాండ్రు వ్రాసినవే. ఏ రెండూ పూర్తిగా ఏకీభవించవు.

ఈ భేదాలను ఏం చేయాలన్నదే ఆంగ్ల వ్రాతప్రతుల పరిశోధనలో మూలప్రశ్న. దీనికి స్థూలంగా రెండు సమాధానాలు వచ్చాయి. లేఖకుడు కవికీ పాఠకుడికీ నడుమ నిలిచిన అడ్డుతెర, అతని తప్పులను తొలగిస్తే కవి కనిపిస్తాడన్నది ఒకటి. లేఖకుడు తన ఊరి భాషను తెలియకుండానే నమోదు చేసిన సాక్షి, అతని తప్పులే విలువైన ఆధారాలన్నది రెండవది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ రంగంలో అమెరికా విశ్వవిద్యాలయాలు చేసిన అపారమైన కృషి చాలాకాలం మొదటి సమాధానాన్నే నమ్ముకొని సాగింది. ఆ కృషిలోని ఘనతనూ లోపాన్నీ కలిపి చూస్తే, తెలుగు వ్రాతప్రతుల విషయంలో ఇంకా చేయవలసిన పని ఏమిటో తెలుస్తుంది.

ప్రామాణికత లేని కాలం

సుమారు 1100 నుంచి 1500 వరకు వాడుకలో ఉన్న ఆంగ్లాన్ని మధ్యాంగ్లం అంటారు. నార్మన్ విజయం తరువాత పాలనకు, న్యాయానికి, మతానికి ఫ్రెంచి, లాటిన్ భాషలు చాలినందువల్ల ఆంగ్లానికి దేశమంతటా చెల్లే వ్రాత పద్ధతి లేకుండా పోయింది. వ్రాయడం వచ్చిన ప్రతివాడూ తన సీమ అలవాటు ప్రకారం వ్రాశాడు. రాయి అనే అర్థంలో దక్షిణాది వారు ‘స్టోన్’ అని వ్రాసేచోట ఉత్తరాది వారు ‘స్టాన్’ అన్నారు. దక్షిణాదిన క్రియ చివర ‘ఎత్’ ఉంటే ఉత్తరాదిన ‘ఎస్’ ఉంది. ‘ఆమె’ అనే సర్వనామం ఒకచోట ‘హెఓ’, ఒకచోట ‘హో’, మరొకచోట ‘షీ’. ‘త్రూ’ అనే ఒక్క చిన్న పదానికి అయిదువందలకు పైగా వర్ణక్రమాలు లెక్కకు వచ్చాయి.

తెలుగులో పరిస్థితి వేరు. నన్నయ నుంచి కావ్యభాషకు ఒక కట్టుబాటు ఏర్పడింది. మాండలిక భేదాలు ఆ కట్టుబాటు అంచుల్లోనే కనిపిస్తాయి. అందుచేత మధ్యాంగ్లపు పద్ధతులు తెలుగుకు యథాతథంగా వర్తించవు. వర్తించే భాగం ఏదో గుర్తించాలంటే ముందు ఆ పద్ధతులు ఎలా పుట్టాయో చూడాలి.

షికాగో: పదహారేళ్ళ శ్రమ

షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ మాథ్యూస్ మ్యాన్లీ, ఈడిత్ రికర్ట్ 1924లో కాంటర్‌బరీ కథల ప్రతులన్నింటినీ సమీకరించి పోల్చే పనికి పూనుకున్నారు. ఇద్దరూ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక గూఢచార శాఖలో రహస్యలిపులను ఛేదించినవారు. ఆ శిక్షణ వారి పద్ధతిలో కనిపిస్తుంది. తెలిసిన ప్రతులన్నింటి ఛాయాచిత్రాలనూ తెప్పించి, పంక్తి పంక్తికీ పాఠభేదాలను కార్డులపై ఎక్కించి, ఏ ప్రతి దేని నుంచి పుట్టిందో తేల్చడానికి ప్రయత్నించారు. రికర్ట్ 1938లో మరణించింది. 1940లో ఎనిమిది సంపుటాలు వెలువడ్డాయి. అదే ఏడు మ్యాన్లీ కూడా మరణించాడు.

తేలిన ఫలితం వారు ఆశించినంత సరళంగా లేదు. ప్రతుల వంశవృక్షం ఒక కథలో ఒక విధంగా, మరొక కథలో మరొక విధంగా ఉంది. లేఖకులు వేర్వేరు చోట్ల నుంచి విడివిడి భాగాలు సంపాదించి కూర్చుకున్నారని దీనివల్ల తెలిసింది. అంతకుముందు పరిష్కర్తలు ఎక్కువగా నమ్మిన ఎల్స్‌మీర్ ప్రతిని ఎవరో తెలివైన వ్యక్తి సవరించి ఉంటాడని వారు అనుమానించారు. వేల్స్ జాతీయ గ్రంథాలయంలోని హెంగ్వర్ట్ ప్రతికి గౌరవం పెరిగింది ఈ పరిశోధన వల్లనే.

వారి వాదన అనేకచోట్ల అస్పష్టంగా ఉందనీ, ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించారో పాఠకుడికి అందదనీ జార్జ్ కేన్ 1984లో తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అంతకంటె మౌలికమైన లోపం మరొకటి ఉంది. నాలుగు సంపుటాలు నిండిన పాఠభేదాల పట్టికలో మాటల తేడాలకు చోటు దొరికింది గాని, వర్ణక్రమ భేదాలకు దాదాపుగా దొరకలేదు. ప్రతుల వర్ణనలో మాండలికం ప్రస్తావన ఉన్నా, లెక్కలోకి వచ్చేది మాట మాత్రమే. మాటను వ్రాసిన తీరు లేఖకుడి సొంత అలవాటు కనుక కవిని వెదకేవారికి అది అనవసరమనిపించింది. ప్రతి ప్రతినీ కళ్ళారా చదివిన ఆ ఇద్దరికే అతి సమృద్ధమైన మాండలిక నిక్షేపం చేతిలో ఉంది. వారు దాన్ని జల్లెడలో కిందికి జారిపోనిచ్చారు.

మిషిగన్: నిఘంటువు, పటం

అదే కాలంలో మిషిగన్ విశ్వవిద్యాలయం మధ్యాంగ్ల నిఘంటువును తలకెత్తుకుంది. 1925లో కార్నెల్‌లో మొదలైన ఈ పని 1930లో ఆన్ ఆర్బర్‌కు చేరింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు తమ దగ్గరున్న మధ్యాంగ్ల చీటీలను కూడా ఇచ్చివేశారు. సంపాదకుడు శామ్యూల్ మూర్‌కు ఒక విషయం వెంటనే తోచింది. ఏ మాట ఏ సీమదో తెలియకుండా నిఘంటువు నిర్మించడం కుదరదు. అందుకని శాన్‌ఫర్డ్ మీచ్, హెరాల్డ్ వైట్‌హాల్‌లతో కలిసి మాండలిక సరిహద్దుల పరిశీలన చేపట్టాడు. ఫలానా ఊళ్ళో ఫలానా కాలంలో వ్రాసినట్టు తెలిసిన దస్తావేజులను వారు ప్రధానంగా ఆధారం చేసుకున్నారు. మూర్ 1934లో మరణించాడు. గ్రంథం 1935లో అచ్చయింది.

ఊరు, తేదీ తెలిసిన పత్రాలను పునాదిగా తీసుకోవడం సరైన ఆలోచన. అయితే వారు పరిశీలించిన లక్షణాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అవి కూడా చాలావరకు ఉచ్చారణను సూచిస్తాయని భావించినవి. వ్రాతలో వారు మాటను విన్నారు, వ్రాతను చూడలేదు. ఫలితంగా వచ్చిన పటంలో కొన్ని పొడవాటి గీతలు దేశాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా కోశాయి. ఆ ముక్కల్లో ఒక్కొక్కటి అనేక జిల్లాలంత.

1946లో నిఘంటువు బాధ్యత హన్స్ కురాత్‌కు వచ్చింది. న్యూ ఇంగ్లండు సీమలో క్షేత్రపరిశోధకులను ఊరూరా తిప్పి, నాలుగువందల మందికి పైగా మాట్లాడే తీరును నమోదు చేయించి భాషాపటాలు వేయించిన మాండలిక శాస్త్రజ్ఞుడు ఆయన. తొలి భాగం 1952లో వెలువడింది. చివరి భాగం వచ్చేసరికి 2001 అయింది. ముప్ఫై లక్షలకు పైగా చీటీలు, సుమారు పదిహేనువేల పుటలు. ఇప్పుడు అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఒక మృతభాషాదశకు ఇంతటి నిఘంటువు నిర్మించుకున్న జాతులు అరుదు.

ఆ నిఘంటువులో ఒక చిన్న ఏర్పాటు గమనించదగినది. ప్రతి ఉదాహరణకూ ముందు వ్రాతప్రతి కాలం వేసి, రచనాకాలం దానికి భిన్నమైతే కుండలీకరణంలో చేర్చారు. మాటకు ప్రత్యక్ష సాక్షి ప్రతే గాని కవి కాదన్న నిజాయితీ ఆ ఏర్పాటులో ఉంది. కాని ఆ నిజాయితీ తేదీతో ఆగిపోయింది. ఉదాహరణల్లో అధికభాగం అచ్చుపుస్తకాల నుంచి తీసినవి. ఆ పుస్తకాల పరిష్కర్తలు కొందరు వర్ణక్రమాన్ని ఉన్నదున్నట్టు ఉంచారు, కొందరు తీర్చిదిద్దారు. ప్రతి తేదీ పక్కన పరిష్కర్త వర్ణక్రమం నిలిచిన సందర్భాలు అందులో ఉన్నాయి. పైగా ఏ రూపం ఏ సీమదో చెప్పే సూచనలు నిఘంటువులో తక్కువ. జీవితమంతా భాషాపటాలకు అర్పించిన కురాత్ చేతుల మీదుగా వచ్చిన గ్రంథంలో ఇది వింతగానే కనిపిస్తుంది. మూర్ పటం అంతకంటె ఎక్కువ చెప్పలేకపోవడమే దీనికి ముఖ్యకారణం.

ఎడిన్‌బరో వేసిన ప్రశ్న

మిషిగన్‌లో ఆగిన దారిని తెరిచినవాడు ఎడిన్‌బరోకు చెందిన ఆంగస్ మకింటాష్. ఆయన యౌవనంలో రెండేళ్ళు హార్వర్డ్‌లో చదివాడు. వ్రాత అంటే ఉచ్చారణకు నీడ మాత్రమే కాదు, అది తనంతట తానే పరిశీలించదగిన వ్యవస్థ అని 1956లో ప్రతిపాదించాడు. ఒకే ఉచ్చారణను రెండు సీమలవారు రెండు విధాలుగా వ్రాస్తే ఆ తేడా కూడా ఆధారమే. అప్పుడు లెక్కించవలసిన లక్షణాలు పదీ పన్నెండూ కావు, వందలు.

ఊరు తెలిసిన పత్రాల నుంచి ముందు ఒక్కొక్క మాటకూ పటం గీస్తారు. తరువాత ఊరు తెలియని కావ్యప్రతిని తీసుకొని, అందులోని ఒక్కొక్క రూపం ఏ ప్రాంతాల్లో కుదరదో చూసి ఆ ప్రాంతాలను కొట్టివేస్తూ పోతారు. వైద్యుడు ఒక్క లక్షణంతో రోగాన్ని నిర్ణయించడు. అనేక లక్షణాలు ఏకకాలంలో ఏ ఒక్క రోగానికి సరిపోతాయో చూస్తాడు. ఇదీ అలాంటిదే. ‘సర్ గవైన్’ కావ్యం ఉన్న ఏకైక ప్రతి భాష చెషైర్, స్టఫర్డ్‌షైర్ సరిహద్దులోని అతిచిన్న ప్రాంతానికే సరిపోతుందని మకింటాష్ 1963లో చెప్పగలిగాడు. ఎం. ఎల్. సామ్యూల్స్, మైకేల్ బెన్స్‌కిన్‌లతో కలిసి ఆయన సాగించిన ఈ కృషి 1986లో నాలుగు సంపుటాల భాషాపటంగా వెలువడింది.

ఈ పద్ధతికి ప్రాణం లేఖకుడి ప్రవర్తనను గురించిన ఒక పరిశీలన. ఎదుట ఉన్న ప్రతిని లేఖకుడు మూడు విధాలుగా ఎత్తి వ్రాయగలడు. అక్షరం మార్చకుండా వ్రాయవచ్చు. తన సీమ భాషలోకి పూర్తిగా మార్చుకుంటూ వ్రాయవచ్చు. లేదా రెండింటినీ కలగాపులగం చేయవచ్చు. బెన్స్‌కిన్, మార్గరెట్ లెయింగ్ 1981లో చూపినట్టు, తన భాషలోకి మార్చుకున్న లేఖకుడు కవికి ద్రోహి కావచ్చు గాని మాండలిక పరిశోధకుడికి మాత్రం నమ్మకమైన సాక్షి. పరిష్కర్త ‘చెడిన పాఠం’ అన్నది పటకర్తకు శుద్ధపాఠమయింది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. పటం చూపేది లేఖకుడు వ్రాయడం నేర్చిన చోటునే గాని, కూర్చుని వ్రాసిన చోటును కాదు. ఊరు తెలిసిన పత్రాలు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో నిర్ణయం బలహీనపడుతుంది. అయినా మూర్ గీసిన పెద్ద ముక్కలతో పోలిస్తే ఇది మరొక మెట్టు.

రెండు పరీక్షలు

ఈ రెండు దృష్టుల బలాబలాలు రెండు చోట్ల స్పష్టంగా తేలాయి. మొదటిది చాసర్ రచించిన రీవ్ కథ. అందులో ఇద్దరు విద్యార్థులు ఉత్తరాది యాసలో మాట్లాడతారు. ఆంగ్లంలో యాసను హాస్యానికి బుద్ధిపూర్వకంగా వాడిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. చాసర్ ఆ యాసను నిక్కచ్చిగా వ్రాశాడనీ, దక్షిణాది లేఖకులు దాన్ని పలుచన చేశారనీ జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1934లో వాదించాడు. అప్పటికి ప్రతులన్నీ పోల్చి చూసే వీలు లేదు. ఆ వీలు కలిగాక సైమన్ హోరోబిన్ 2001లో ఆ వాదనను పునఃపరిశీలించాడు. లేఖకులు చాలామంది యాసను నిలబెట్టారు, కొందరు తమంతట తాము మరికొన్ని ఉత్తరాది రూపాలు చేర్చారు కూడా. హాస్యం వారికి అర్థమైంది. లేఖకుడు యంత్రంలా తప్పులు చేసేవాడు కాదు, చదివేవాడు.

రెండవది ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యం. యేల్‌లో పనిచేసిన ఈ. టాల్బట్ డొనాల్డ్‌సన్, జార్జ్ కేన్ 1975లో వెలువరించిన పరిష్కరణ బుద్ధిసూక్ష్మతకు మారుపేరు. లేఖకులందరూ తప్పిన చోట కూడా కవి మాటను ఊహించి నిలపడానికి వారు వెనుదీయలేదు. కాని వర్ణక్రమానికి మాత్రం లండన్ అలవాటుకు దగ్గరైన ఒక కేంబ్రిడ్జి ప్రతిని ఆధారం చేసుకున్నారు. పదేళ్ళ తరువాత సామ్యూల్స్ అదే కావ్యంలోని యతి వంటి అక్షరమైత్రిని పరిశీలించాడు. ‘ఆమె’ అనే సర్వనామం ‘హ’కారంతో మైత్రి కోరే పంక్తులు అందులో ఉన్నాయి. అక్కడ ‘షీ’ అని వ్రాస్తే మైత్రి చెడుతుంది, ‘హెఓ’ అంటేనే కుదురుతుంది. ఇటువంటి ఆధారాలతో లాంగ్లండ్ భాష నైరుతి వూస్టర్‌షైర్‌దని ఆయన నిర్ణయించాడు. మాటల విషయంలో అంత సాహసం చేసిన పరిష్కర్తలు, కవిని లండన్ వేషంలోనే నిలబెట్టారన్నమాట.

వర్జీనియా విశ్వవిద్యాలయంలో హోయ్ట్ డుగన్ ప్రారంభించిన ఎలక్ట్రానిక్ సంచయం ఈ చిక్కుకు ఆచరణలో జవాబు. ప్రతి వ్రాతప్రతినీ విడిగా, దాని వర్ణక్రమంతో, కొట్టివేతలతో సహా ముందు నమోదు చేయాలి, కవి పాఠాన్ని ఊహించడం ఆ తరువాతే అన్నది దాని నియమం. షికాగో జల్లెడలో జారిపోయినది ఇక్కడ నిలిచింది.

సాక్షిగా గుర్తింపు పొందిన లేఖకుడికి పేరు పెట్టాలన్న ఆత్రం కూడా పుట్టకపోలేదు. హెంగ్వర్ట్, ఎల్స్‌మీర్ ప్రతులు రెండూ వ్రాసినవాడు ఆడమ్ పింక్‌హర్స్ట్ అని అప్పట్లో మేన్ విశ్వవిద్యాలయంలో ఉన్న లిన్నె మూనీ 2004లో ప్రకటించింది. చాసర్ తన వ్రాయసకాడైన ఆడమ్‌ను మందలిస్తూ చెప్పిన చాటువు వంటి పద్యం ఒకటి ఉండడంతో ఈ ప్రకటన పత్రికలకెక్కింది. 2018లో లారెన్స్ వార్నర్ దీన్ని గట్టిగా ఖండించాడు. ఒకే బడిలో నేర్చినవారి దస్తూరీలు ఒకే తీరుగా ఉండవచ్చు. దస్తూరీని బట్టి మనిషిని పట్టుకోవడం, భాషను బట్టి సీమను పట్టుకోవడం కంటె జారుడు నేల.

తెలుగు ప్రతుల వైపు

ఛందస్సును భాషాచరిత్రకు ఆధారం చేసుకోవడం తెలుగు పండితులకు కొత్త కాదు. సాధురేఫను, శకటరేఫను ప్రాసలో కలపకపోవడం ప్రాచీనుల నియమం. తరువాతి కవులలో అది సడలింది. ఆ సడలింపే రెండు ధ్వనులు ఒకటైపోయాయనడానికి సాక్ష్యం. సామ్యూల్స్ యుక్తి ఇదే. ఊరు, కాలం తెలిసిన శాసనాల భాషను కోరాడ మహాదేవశాస్త్రి, బూదరాజు రాధాకృష్ణ శాస్త్రీయంగా పరిశీలించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధించి వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టి, రైతుల నోటి నుంచి సీమలవారీగా మాటలు సేకరించారు. కురాత్ చేసిన పనికి తెలుగులో సాటి అది.

అంటే రాతినీ అడిగారు, రైతునూ అడిగారు. అడగనిది వ్రాయసకాండ్రనే. సి. పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పాఠభేదాలు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. మ్యాన్లీ, రికర్ట్‌ల కంటె నూరేళ్ళు ముందే జరిగిన ఆ పని తెలుగు సాహిత్యాన్ని నిలబెట్టింది. అయితే దాని లక్ష్యం కూడా శుద్ధపాఠమే. శ, ష, సల తారుమారు, ల, ళల కలయిక, వలపలగిలక వాడుక, రేఫ పక్కన ద్విత్వం, క్రియాంతాల్లో దొర్లిన వాడుక రూపం, ఇవన్నీ ‘లేఖక ప్రమాదాలు’ అనే ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

ఇక్కడ తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. మధ్యాంగ్ల లేఖకులలో అధికులు పేరు చెప్పుకోలేదు. తెలుగు తాళపత్రాల చివర మాత్రం ఫలానా సంవత్సరం, ఫలానా ఊరిలో, ఫలానావాడు వ్రాసెనన్న ముగింపు వాక్యం తరచు కనిపిస్తుంది. అటువంటి ప్రతులు మూర్ వెదకిన స్థానిక పత్రాలకు సమానం. ఇబ్బంది కూడా ఉంది. తాటాకు ఆయుష్షు తక్కువ. మిగిలినవాటిలో అధికభాగం చివరి రెండు మూడు శతాబ్దాలవే. నన్నయ భాషను గురించి అవి చెప్పగలిగింది స్వల్పం. తమను వ్రాసినవారి కాలపు తెలుగును గురించి మాత్రం అవి ఎంతో చెప్పగలవు.

కావ్యప్రతుల కంటె ఎక్కువ ఆశ కైఫియత్తుల మీద పెట్టుకోవచ్చు. కాలిన్ మెకంజీ కోసం పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో గ్రామ కరణాల నుంచి సేకరించిన స్థానిక వృత్తాంతాలు అవి. వ్యాకరణ భయం లేని వచనం, ఊరి పేరు తలకట్టులోనే. చరిత్రకారులు వాటిని రాజుల పేర్ల కోసం, ఇనాముల లెక్కల కోసం చదివారు. భాషాపటం కోసం చదవవచ్చు. కాని జాగ్రత్త అవసరం. మూలపత్రాలు శిథిలమవుతుంటే బ్రౌన్ వాటికి నకళ్ళు వ్రాయించాడు. నకలు వ్రాసినవాడు కరణం భాషను ఉన్నదున్నట్టు ఉంచాడా, తన సీమకు మార్చుకున్నాడా, కలగలిపాడా? బెన్స్‌కిన్, లెయింగ్‌ల మూడు ప్రశ్నలూ ముందు ఆ నకలును అడగాలి. మూలమూ నకలూ రెండూ మిగిలిన చోట జవాబు సులువుగానే తేలుతుంది.

ఈ ప్రశ్నలు పాత లేఖకులతో ముగియవు. నేడు అమెరికాలోనూ ఇతరత్రానూ స్థిరపడిన తెలుగువారు పాత గ్రంథాలను యూనికోడ్‌లోకి ఎక్కించి అంతర్జాలంలో ఉంచుతున్నారు. ఆ పనిలో అరసున్న వదిలేసినవారున్నారు, శకటరేఫను మామూలు రేఫగా మార్చినవారున్నారు, ‘వ్రాసెను’ను ‘రాసెను’ చేసినవారున్నారు. పాఠకుడి సౌకర్యం కోసం చేసే ఆ మార్పులో తప్పు లేదు. మార్చినట్టు ఎక్కడా చెప్పకపోవడంలోనే చిక్కు ఉంది. ఎక్కించినవారు ఏ ముద్రణను అనుసరించారో, ఏ అక్షరాలు మార్చారో, ఏ ఊళ్ళో ఏ ఏడాది ఆ పని ముగించారో ఒక్క వాక్యంలో చివర చేర్చడం కష్టమేమీ కాదు. తాటాకు మీద గంటం పట్టినవాడు ఆ వాక్యం వ్రాయడం చాలాసార్లు మరిచిపోలేదు.